మొగులప్ప పాతిన కడీలు

అంజిలప్ప పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అతను ఉన్న తాండూరుకూ నేనుండే వికారాబాదుకూ మధ్య రైల్లో పెద్ద దూరమేమీ లేదు. కానీ ఈ వయసులో ఒక ఊళ్లో చావు ఇంకో ఊరికి చేరాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని చెప్పాలి. అలా చెప్పేవాళ్లు ఒక్కొక్కరే ముందు వెళ్లిపోయారు. దినాలు అయిపోయి, ఇంటి ముందు వేసిన టెంటు కూడా తీసేశాక నేను వెళ్లాను. వడ్డెర వాడలో ఆ ఇల్లు నాకు గుర్తే. గోడలూ కప్పూ గుమ్మం ముందు అరుగూ అంతా ఊరి రాయే. లోపల కుర్చీ మీద ఫోటో పెట్టి దండ వేశారు. దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. స్టూడియో వాళ్లు కంప్యూటర్‌లో అతని ఎడమ కన్నును బాగు చేశారు. కుడి కన్నునే తిప్పి ఇటు అతికించినట్టున్నారు. ముడతలు పడ్డ ఆ ముఖంలోంచి రెండు మంచి కళ్లు నన్ను చూస్తున్నాయి. రెండు కళ్ల అంజిలప్పను చూసినవాళ్లలో బహుశా నేనొక్కణ్నే మిగిలి ఉంటాను.

అతని మనవరాలు సుజాత కుర్చీ వేసి, టీ తెచ్చింది. "కూసో తాతా. మున్షీ తాతవు నువ్వే గదా? మా తాత నీ పేరు ఎత్తుతుండె" అంది. చిన్నప్పటి నుంచీ ఏదో ఒకటి రాసుకుంటూ ఉండేవాణ్ని కాబట్టి ఫుట్‌బాల్ క్లబ్బులో నన్ను అందరూ మున్షీ అనేవారు. ఆ పిలుపు విని చాలా ఏళ్లయింది.

"తాత బంతాట ఆడేటోడని మా నాయినమ్మ చెప్తుండె" అంది సుజాత నవ్వుతూ. "బంతికి అడ్డంగ ఎగిరి దుంకేటోడంట. మాకు నవ్వొచ్చేది. తాతనడిగితే, నీ నాయినమ్మకు కల పడ్డది పో అనేటోడు."

"కన్ను సంగతి ఏం చెప్పేటోడు బిడ్డా?"

"గదేముంది తాతా, క్వారీల సుత్తె కొడుతుంటే పెచ్చు ఎగిరొచ్చి తగిలిందంట. ఈ వాడల సగం మంది కథ గదే గదా."

ఆ మాట విన్నాక టీ గ్లాసు కింద పెట్టాను. కన్ను పోయే నాటికి అంజిలప్ప క్వారీలో సుత్తె పట్టనే లేదు. పట్టకూడదనే కదా వాళ్ల నాయిన, మాకు ఆట నేర్పిన ఖాదర్ సాబ్, మేమందరమూ అంత ఆరాటపడింది.

ఏ సంగతైనా వరుసలో చెప్పడం నాకు అలవాటు. ఇన్నేళ్లు డైరీలు రాసినవాడికి అంటుకునే జబ్బు అది. ఇది మాత్రం వరుసకు లొంగడం లేదు. ముందు మైదానం గురించి చెబుతాను. తాండూరులో ఫుట్‌బాల్ మాకంటే ముందు నుంచీ ఉంది. నిజాం కాలంలో కచేరీ ఉద్యోగుల కొడుకులు, వాళ్ల చుట్టాలు స్టేషను వెనక, గూడ్సు షెడ్డు దాటాక ఉన్న చౌడు నేలలో ఆడేవారు. తెల్ల నిక్కర్లు, పచ్చ చొక్కాలు, మధ్యలో కూజాతో నీళ్లు తెచ్చే జవాను. మా వంటి పిల్లలం దూరం నుంచి చూడవలసిన ఆట అది. పోలీసు చర్య తర్వాత ఆ ఇళ్లలో చాలా వాటికి తాళాలు పడ్డాయి. కొందరు హైదరాబాదు వెళ్లారు, కొందరు అంతకంటే దూరం వెళ్లారు. ఎవరు ఎటు పోయారని అడగడం మంచిది కాదని ఇంట్లో పెద్దలు మమ్మల్ని హెచ్చరించేవారు. మైదానంలో తుమ్మ మొలిచింది. పాత క్లబ్బుకు మిగిలింది ఒక తోలు బంతి, ఒక విజిల్, ఆ రెండింటినీ పెట్టెలో దాచి ఉంచిన డ్రిల్లు మాస్టరు ఖాదర్ సాబ్.

ఖాదర్ సాబ్ అన్నదమ్ములు ఊరు విడిచిపోయారు. ఆయన పోలేదు. ఎందుకు పోలేదని ఎవరైనా అడిగితే, "అమ్మ గోరీ ఈడున్నది. నేను పోతే దానిమీద గడ్డి ఎవరు పీకుతరు?" అనేవారు. సన్నటి మనిషి, ఇస్త్రీ లేకపోయినా మడత చెదరని పైజామా. కొన్నేళ్లు ఆ బంతి పెట్టెలోనే ఉంది. ఒక సాయంత్రం ఆయన కొడవలి పట్టుకుని ఒక్కరే మైదానంలో తుమ్మ కొడుతుంటే బడి నుంచి వస్తున్న మేం ఆగి చూశాం. "పొయ్యిలకా సాబ్?" అని అడిగాడు మాలో ఒకడు. "పొయ్యిలకు కాదు బేటా, మీ కొరకు. చూస్కుంట నిలబడ్తవా, వచ్చి ముండ్లు ఎత్తుతవా?" అన్నారు. ఆ అడిగినవాడు అంజిలప్ప. మా రెండో క్లబ్బు ఆ సాయంత్రం మొదలైంది. గంజిలో, అంటే పప్పుల టోకు బజారులో, గుమాస్తాల పిల్లలం, గొర్లు కాసే ఇళ్ల వాళ్లు, పెద్దేముల్ వైపు నుంచి వచ్చి మిషన్ ఇళ్లలో ఉండి చదివే క్రైస్తవ కుర్రాళ్లు, రాతి పనివాళ్ల కొడుకులు. ఇంతకుముందు ఒకరి ఇంటి ముందు ఒకరం నిలబడి ఎరగని వాళ్లం.

ఆ మైదానం పక్కనుంచే క్వారీ బండ్లు స్టేషనుకు రాళ్లు మోసేవి. బండి కుదుపుకు పెచ్చులు రాలి గాలికీ వానకూ మైదానంలోకి చేరేవి. తాండూరు రాయి పొరలు పొరలుగా లేస్తుంది. చిన్న పెచ్చు కూడా కత్తిలా కోస్తుంది. అందరం ఉత్తి కాళ్లతో ఆడేవాళ్లం. అందుకని ఖాదర్ సాబ్ ఒక నియమం పెట్టారు. ఆటకు ముందు అందరం మైదానం ఈ చివర బారుగా నిలబడాలి. ఆయన విజిల్ ఊదగానే వంగి, కాళ్ల ముందు పెచ్చులు ఏరుకుంటూ ఆ చివరిదాకా నడవాలి. ఆయన కూడా వరుసలో ఉండేవారు. బయటి ఊళ్ల టీములు వచ్చినప్పుడు వాళ్లనూ వరుసలో నిలబెట్టేవారు. వికారాబాదు వాళ్లు మొదటిసారి నవ్వారు, తర్వాత వాళ్లూ వంగారు. నడుములు నొప్పి పుట్టేవి, చేతులు గీరుకునేవి. అయినా ఇప్పుడు తలుచుకుంటే ఆటకంటే ఆ నడకే నాకు బాగా గుర్తుంది. వంగిన వీపులన్నీ ఒకే ఎత్తులో ఉండేవి. గోరంత పెచ్చు కూడా వదిలేవాళ్లం కాదు.

బంతికీ ఒక నియమం ఉండేది. తోలు ఎండితే పగులుతుంది, పగిలితే కొత్తది కొనే దారి లేదు. కాబట్టి వారానికి ఒకరి ఇంట్లో బంతి ఉండాలి. ఆ వారం దానికి ఆముదం రాసి, కుట్లు చూసి, బ్లాడర్‌లో గాలి ఉందో లేదో కనిపెట్టే బాధ్యత ఆ ఇంటిది. మా వంతు వచ్చినప్పుడు మా అవ్వ, అంటే నాయిన తల్లి, గుమ్మం దగ్గరే అడ్డం నిలిచేది. "గా తోలుముద్దను ఇంట్లకు తెస్తివంటే నీకూ దానికీ కలిపి నీళ్లు పోస్త" అనేది. చివరికి బర్రెల కొట్టంలో కొయ్యకు వేలాడదీయడానికి రాజీ అయింది. కానీ తెల్లవారి లేచేసరికి బంతి ఆముదంతో నిగనిగలాడుతూ ఉండేది. నేను రాసింది కాదు. "నేనెందుకు రాస్త? బర్రె నాకింది కావచ్చు" అనేది అవ్వ, ఆముదం చేతులు వెనక దాచుకుని. మా ఇంట్లో అప్పుడు కందిపప్పు వేయించిన వాసన ఎప్పుడూ ఉండేది, నాయిన చొక్కా నుంచి కూడా అదే వాసన వచ్చేది. బంతి ఉన్న వారం ఆ వాసన మీద ఆముదం వాసన పరుచుకునేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆముదం వాసన వస్తే నాకు ముందు గుర్తొచ్చేది జుట్టు కాదు, బంతి.

అంజిలప్ప ఇంట్లో మాత్రం బంతి దేవుడి గూటి పక్కన ఉండేది. అతని నాయిన మొగులప్ప క్వారీలో బండలు తీసే మనిషి. పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉండేవాడు. మాట తక్కువ. కనుబొమల మీద, చెవుల మీద ఎప్పుడూ బూడిదరంగు దుమ్ము. నవ్వినా దగ్గేవాడు, దగ్గు ఆగాక నవ్వు ఏమైందో మరిచిపోయేవాడు. దసరా నాడు ఉలికీ సుత్తెకూ బొట్టు పెట్టి, అదే వేలితో బంతికీ పెట్టేవాడు. ఆటలో గెలుపోటములు ఆయనకు తెలిసేవి కావు. కొడుకు గోల్‌కీపరు కాబట్టి అతని వెనక, గోలు పక్కన గొంతుకూర్చుని బీడీ తాగుతూ చూసేవాడు. ఆట సగం అయ్యాక మేం వైపులు మారితే ఆయన కూడా లేచి, రుమాలు దులుపుకుని, మైదానమంతా నడిచి ఆ చివరి గోలు పక్కకు పోయి కూర్చునేవాడు.

గోలుకు మేం మొదట వెదురు బొంగులు పాతేవాళ్లం. వానకు చెదలు పట్టేవి. చెదలకు మిగిలినవి కామునికి పోయేవి. కాముని పున్నానికి ముందు వారం మా ఊళ్లో ఎవరి కట్టె ఎవరిదీ కాదు. పిల్లలు ఎత్తుకుపోయి కుప్ప వేస్తారు, కాలుస్తారు, తిట్టడానికి వీల్లేదు, అది పండుగ. ఒక ఏడాది అందరం కలిసి కాముణ్ని కాలుస్తూ, మంటలో మండుతున్నది మా గోల్‌పోస్టులే అని ఆలస్యంగా గుర్తుపట్టాం. ఖాదర్ సాబ్ మంట ముందు నిలబడి, "వచ్చే ఏడు నన్ను కూడ ఏసేస్తరు వీండ్లు" అన్నారు. అందరం నవ్వాం. నవ్వని మొగులప్ప, "సాబ్, కట్టె అయితే కాలుస్తరు. రాయి ఎవడు కాలుస్తడు? నేను కడీలు ఏస్త" అన్నాడు.

కడీ అంటే మా వైపు చేనుకు కంచె వేసే రాతి స్తంభం. పొడుగ్గా, నలుపలకలుగా చీల్చి నిలబెడతారు. తాండూరులో ఏ గట్టు మీద చూసినా అవే. మొగులప్ప సెలవు రోజుల్లో క్వారీలో మంచి పొర చూసి నాలుగు పెద్ద కడీలు తీశాడు. మేమందరం గుంజితే, గంజి నుంచి అడిగి తెచ్చిన ఎడ్లబండి మీద అవి మైదానానికి వచ్చాయి. లోతుగా గుంతలు తీసి, కంకర దట్టించి పాతాడు. పైన తొర్రలు చేసి అడ్డంగా వెదురు దూర్చాడు. ఊరంతా వచ్చి చూసింది. ఏ ఊరికీ లేని పోస్టులు మాకున్నాయి. చెదలు లేవు, దొంగ లేడు, కాముడు లేడు. ఆ తర్వాత ఆడడానికి వచ్చిన వికారాబాదు కెప్టెన్ వాటిని చేత్తో తట్టి, "ఏం సాబ్, మీ తాండూరోళ్లు బర్రెల్ని గూడ ఆటకు తెస్తరా? కట్టేయనీకి గుంజలు పెట్టిన్రు" అన్నాడు. అంజిలప్ప వెంటనే, "అవునన్నా, మీరొస్తున్నరని తెల్సి పెట్టినం" అన్నాడు. రెండు టీములూ నవ్వాయి. తర్వాత అందరం బారుగా నిలబడి, వంగి, ఆ చివరిదాకా పెచ్చులు ఏరాం. చిన్న పెచ్చుకు భయపడి నడుములు వంచినవాళ్లమే అయినా, ఆ నాలుగు కడీలూ మాకు రాళ్లుగా కనిపించలేదు. కంచె కడీకి అంచు కొట్టి గుండ్రం చేసే అలవాటు మా వైపు ఎవరికీ లేదు, ఎవరికీ తట్టనూ లేదు. ప్రతి ఆటకూ ముందు అంజిలప్ప కడీని అరచేత్తో ముట్టి కళ్లకు అద్దుకునేవాడు. వెనక కూర్చున్న మొగులప్ప చూడనట్టే బీడీ వెలిగించుకునేవాడు.

అంజిలప్ప లాంటి గోల్‌కీపరును నేను తర్వాత చూడలేదు. మాటలో ఎంత తొందరో బంతి దగ్గర అంత నిదానం. బంతి తన్నకముందే అటు ఒరిగేవాడు. నాలుగో తరగతి తర్వాత చదువు మానేసి సంతలో మూటలు మోసేవాడు. వాడలో ఆ వయసు వాళ్లందరూ క్వారీకి పోతున్నా మొగులప్ప మాత్రం కొడుకును పోనివ్వలేదు. ఒకనాడు ఖాదర్ సాబ్ ఇంటి ముందు నేను కూడా ఉండగా ఆయన వచ్చి, రుమాలు చేతిలోకి తీసుకుని, "సాబ్, వీణ్ని ఏడనన్న పెట్టున్రి. మా నాయిన దగ్గి దగ్గి సచ్చిండు. నేను దగ్గుతున్న. వీడు దగ్గొద్దు" అన్నాడు. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద కోరిక లేదు. ఖాదర్ సాబ్ ఆ రాత్రే సికింద్రాబాదులో తనకు తెలిసిన ఒక పెద్దమనిషికి ఉర్దూలో ఉత్తరం రాశారు. రైల్వేలో ఆటగాళ్లను ఉద్యోగంలోకి తీసుకునే రోజులవి. ఆ పెద్దమనిషి వాళ్ల టీముకు కుర్రాళ్లను చూసి పెట్టేవాడు. వికారాబాదుతో ఆట ఉన్న ఆదివారం వచ్చి చూస్తానని జవాబు రాశాడు. అది తెలిసిన రోజు అంజిలప్ప మా ఇంటి ముందు నుంచి పోతూ, "మున్షీ, రేపు నేను రైల్వేల పడితే నీకు టికెట్ లేకుంట షాబాద్ దాంక తిప్పుత, బెంగపడకు" అని అరిచాడు. "ముందు రానియ్యి, తర్వాత తిప్పుదువు" అంది మా అవ్వ లోపలి నుంచి. ఆ వారం బంతి మా కొట్టంలోనే ఉంది. అవ్వ దానికి మామూలు కంటే ఎక్కువ ఆముదం రాసింది.

ఆ రోజు డైరీ పేజీలో ఆటకు ముందు రాసుకున్న రెండు ముక్కలే ఉన్నాయి. ఎండ ఉందని, పడమటి గాలి అని. తర్వాత రాయలేదు. ఆట సగంలోనే ఆ పెద్దమనిషి అంజిలప్పను పిలిచి, పేరూ తండ్రి పేరూ అడిగి రాసుకున్నాడు. మేమందరం విన్నాం. మొగులప్ప లేచి మైదానం దాటి ఆ చివరి గోలు పక్కకు నడుస్తుంటే ఆయన నడకే వేరుగా ఉంది. ఆట ముగిసే వేళకు వికారాబాదు కెప్టెన్ ఎడమ మూలకు గురిచూసి తన్నాడు. ఎవరైనా వదిలేయవలసిన బంతి అది. పేరు రాసుకోవడం అయిపోయింది, వదిలేసినా ఏమీ అనేవారు కాదు. అంజిలప్ప ఎగిరాడు. వేళ్ల కొసలు తగిలి బంతి కడీ పక్కనుంచి బయటికి పోయింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను. చప్పట్లు ఆగాక కూడా అంజిలప్ప లేవలేదు. అందరికంటే ముందు చేరింది మొగులప్పే, పక్కనే ఉన్నాడు కదా. తల రుమాలు విప్పి కొడుకు ముఖానికి చుట్టాడు.  కడీ అంచు మీద ఉన్న రక్తాన్ని ఒకసారి చూసి, మళ్లీ కొడుకు వైపు తిరిగాడు. "ఆపిన్నా, నాయినా?" అని అడిగాడు అంజిలప్ప రుమాలు లోంచి. "ఆపినవు బిడ్డా" అన్నాడు మొగులప్ప. మా వైపు బిడ్డ అని కూతుర్నే అంటారు. ఆయన కొడుకును అలా పిలవడం నేను అప్పుడొక్కసారే విన్నాను.

తండ్రీ కొడుకులు హైదరాబాదు పెద్దాసుపత్రిలో చాలా రోజులున్నారు. గాయం మానింది, చూపు రాలేదు. అయినా ఖాదర్ సాబ్ ఆశ వదులుకోలేదు. సికింద్రాబాదుకు తీసుకుపోయి ఆ పెద్దమనిషి ముందు నిలబెట్టారు. ఆయన కూడా మంచివాడే, డాక్టరు పరీక్షకు పంపాడు. వాళ్లు తిరిగి వచ్చే ప్యాసింజరు కోసం నేను స్టేషనులో ఎదురుచూశాను. ఖాదర్ సాబ్ ముందు దిగారు. నా వైపు చూడకుండా టీ కొట్టు వైపు నడిచారు. వెనక అంజిలప్ప దిగి, నన్ను చూసి నవ్వాడు. "డాక్టరు ఒక కన్ను మూసి, గోడ మీద అక్షరాలు చదువుమన్నడు మున్షీ. రెండు కండ్లున్నప్పుడే నాకు చదువు రాలేదు సారూ అన్న. గాయనకు గూడ నవ్వొచ్చింది" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. అతను కూడా ప్లాట్‌ఫారం దాటేదాకానే నవ్వాడు.

ఆ తర్వాత కొద్ది రోజులకు సాయంత్రాలు మైదానం వైపు నుంచి ఉలి చప్పుడు వినిపించసాగింది. మా ఇల్లు గూడ్సు షెడ్డుకు దగ్గర. అవ్వ వాకిట్లో కూర్చుని ఆ చప్పుడు వింటూ, "ఏం చెక్కుతున్నడో పోయి చూడురా" అంది. వెళ్లేసరికి ఖాదర్ సాబ్ అప్పటికే అక్కడున్నారు. మొగులప్ప క్వారీ పని నుంచి నేరుగా వచ్చి, కడీ అంచులు కొట్టి గుండ్రం చేస్తున్నాడు. కింద నుంచి మొదలుపెట్టి, పైకి, ఒక్కొక్క పెచ్చే లేపుతున్నాడు.

"ఎందుకు మొగులప్పా, ఇంక ఎవరాడుతరు?" అన్నారు ఖాదర్ సాబ్.

"ఆడుతరు సాబ్. పోరగాండ్లు ఆడకుంట ఉంటరా?" ఉలి ఆపలేదు. కాసేపటికి తనే అన్నాడు. "చేనుకు ఏసే కడీ లెక్కనే చెక్కిన. బర్రె వచ్చి ఒళ్లు రుద్దుకుంటది గని మనిషి వచ్చి తగులుతడని నాకు తట్టలే."

"ఎవరికీ తట్టలేదు" అన్నారు ఖాదర్ సాబ్.  వంగి, కింద రాలిన పెచ్చులను ఏరి పైజామా జేబులో వేసుకోవడం మొదలుపెట్టారు. నేను కూడా వంగాను. కొంచెం దూరంలో రాళ్ల కుప్ప మీద అంజిలప్ప కూర్చుని ఉన్నాడు. "నాయినా, చీకటైతుంది, పోదాం పా" అన్నాడు. "నువ్వు నడువు, నేనొస్త" అన్నాడు మొగులప్ప. అంజిలప్ప నడవలేదు. అలా ఎన్ని సాయంత్రాలో. మూడు కడీలు పూర్తయ్యాయి. నాలుగోది సగందాకా వచ్చింది. అప్పటికి మొగులప్ప ఉలి ఎత్తినప్పుడల్లా ఆగి దగ్గవలసి వచ్చేది. ఒకనాడు చప్పుడు వినిపించలేదు. మర్నాడు పొద్దున క్వారీకి మొగులప్ప బదులు అంజిలప్ప వెళ్లాడు.

మొగులప్ప అన్నట్టు పిల్లలు ఆడలేదు. ఇళ్లలో పంపలేదు. బారుగా నిలబడే వరుస ప్రతి వారం చిన్నదైంది. ఖాదర్ సాబుకు మర్పల్లికి బదిలీ అయింది. పోతూ బంతిని వెంట తీసుకుపోయారు. అక్కడ బడిలో ఆడించారో లేదో కానీ, ప్రతి శుక్రవారం దానికి ఆముదం రాసేవారని ఆయన పోయాక వాళ్ల ఇంటివాళ్లు చెప్పారు. మైదానాన్ని రాళ్లు పేర్చుకోవడానికి ఎవరో తీసుకున్నారు. మా క్లబ్బు మూతపడిందని ఎవరూ ప్రకటించలేదు. ఒక ఆదివారం వెళ్లి చూస్తే మైదానంలో బండలు నిలబెట్టి ఉన్నాయి, అంతే.

అప్పటికి నాకు వికారాబాదులో ఉద్యోగం దొరికింది. మొగులప్పను అనంతగిరి మీది ఛాతీ ఆసుపత్రిలో చేర్చారని తెలిసి ఒక సెలవు రోజు కొండెక్కి వెళ్లాను. అడవి గాలి, యూకలిప్టస్ వాసన, వరండాలో వరుసగా మంచాలు. దుమ్ము లేని మొగులప్ప ముఖం నేను మొదటిసారి చూసింది అక్కడే. కనుబొమలు నల్లగా ఉంటాయని అప్పటిదాకా తెలియదు. పక్కన అంజిలప్ప కూర్చుని ఉన్నాడు. అతని కనుబొమల మీద దుమ్ము ఉంది.

"పోరగాండ్లు ఆడుతున్రా?" అని అడిగాడు మొగులప్ప నన్ను. నేను నోరు తెరిచేలోపు అంజిలప్ప, "ఆడుతున్రు నాయినా. మస్తు మంది వస్తున్రు. జాగ సాల్తలేదు" అన్నాడు. "నాలుగోది అట్లనే ఉన్నది గదా. దాని దిక్కు జర పైలం అని చెప్పు" అన్నాడు మొగులప్ప. ఇంతలో పక్క మంచం మీది మనిషి, మర్పల్లి వైపు రైతు, అంజిలప్పను చూసి, "నీ కంటికేమైంది తమ్మీ?" అని అడిగాడు.  అంజిలప్ప తండ్రి వైపు చూడలేదు. "క్వారీల పెచ్చు ఎగిరి తగిలిందన్నా. రాతి పని గదా, మామూలే" అన్నాడు. మొగులప్ప గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన చెయ్యి మాత్రం దుప్పటి కింది నుంచి వచ్చి కొడుకు మోకాలిని పట్టుకుంది. నేను లేచి వచ్చేదాకా వదలలేదు. ఆయన అక్కడే పోయాడు. అంజిలప్ప అప్పుడన్న ఆ మాట మీదే జీవితమంతా నిలబడ్డాడని నాకు పోయిన నెలే తెలిసింది. పెళ్లాం ఆట సంగతి పిల్లలకు చెబితే కల అన్నాడు. ఆట ఉంటే కడీ ఉంటుంది, కడీ ఉంటే దాన్ని పాతిన తండ్రి ఉంటాడు.

సుజాతకు ఇదంతా ఆ ఇంట్లో, ఆ ఫోటో ముందు చెప్పలేకపోయాను. "స్టేషను దాంక వస్తవా బిడ్డా?" అన్నాను. గూడ్సు షెడ్డు వెనక ఇప్పుడు వరుసగా పాలిషింగు యూనిట్లు. చెవులు చిల్లులు పడే మోత, కాలువల్లో పాలలా తెల్లటి నీళ్లు, ఎక్కడ ఏది ఉండేదో గుర్తుపట్టడానికి ఒక చెట్టు కూడా లేదు. వెనక్కి తిరుగుదామనుకుంటుండగా ఒక యూనిట్ గేటు పక్కన ఒక కడీ కనిపించింది. మిగతా మూడూ ఏమయ్యాయో. ఇది మాత్రం పీకడం కష్టమై వదిలేసినట్టున్నారు. లోతుగా పాతాడు కదా. గేటు రెక్క దానికే బిగించారు. పైన వెదురు కోసం చేసిన తొర్రలో ఏదో పక్షి గడ్డి పెట్టింది. దానికి రెండడుగుల దూరంలో, షెడ్డు లోపల ఒక కుర్రవాడు మిషన్ ముందు బండను జరుపుతున్నాడు. మెట్లకు వేసే బండలట. ఇటు నుంచి పదునైన అంచుతో వెళ్లిన రాయి అటు నుంచి నున్నగా గుండ్రంగా వస్తోంది. టీ తాగినంత సేపట్లో పది బండలు అయిపోయాయి.

అక్కడ నిలబడి సుజాతకు అంతా చెప్పాను. మోతలో గొంతు పెంచి చెప్పవలసి వచ్చింది.  అయిపోయాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "అందుకేనా తాతా" అంది. "చిన్నప్పుడు స్టేషనుకు పోవాలంటే మా తాత ఈ తొవ్వ పట్టకపోయేటోడు. ఊరంత సుట్టు తిప్పి తీస్కపోయేటోడు. కాళ్లు నొస్తున్నయంటే ఎత్తుకునేటోడు గని ఇటు రాకపోయేటోడు."

తర్వాత ఆమె కడీ మీద చెయ్యి పెట్టింది. కింద నుంచి పైకి నిమురుకుంటూ పోయింది. నడుము ఎత్తుదాకా అంచు గుండ్రంగా ఉంది, ఉలి దెబ్బలు ఇంకా చేతికి తగులుతాయి. అక్కడి నుంచి పైకి పదునుగా ఉంది. ఆ రెండూ కలిసేచోట ఆమె చెయ్యి ఆగింది.

"మరి గీడికే ఆపిండేంది తాతా?"

"ఊపిరి సాలలే బిడ్డా" అన్నాను.

లోపలి నుంచి రాళ్ల లారీ వస్తూ హారన్ కొట్టింది. ఇద్దరం పక్కకు జరిగి దారిచ్చాం.